యూనిట్ 7: ప్రాథమిక తరగతిలో ప్రోత్సాహక విధానం ద్వారా ప్రవర్తన నిర్వహణ

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 పునర్బలనం – మూల భావనలు
7.3 తరగతిగదిలో రెండు అధ్యయనాలు
7.4 టోకెన్ల విధానం – రూపకల్పన
7.5 అమలు – ఒక ఉదాహరణ
7.6 బహుమతి హాని చేసే సందర్భాలు
7.7 విధానాన్ని క్రమంగా ఉపసంహరించడం
7.8 సారాంశం
7.9 ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ – సమాధానాలు
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
7.11 కీలక పదాలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• పునర్బలనానికి, శిక్షకు గల భేదాన్ని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ప్రాథమిక తరగతికి తగిన టోకెన్ల విధానాన్ని ఖర్చు లేకుండా రూపొందించగలుగుతారు.
• బహుమతులు ఏ సందర్భాలలో పిల్లల సహజ ఆసక్తిని దెబ్బతీస్తాయో గుర్తించగలుగుతారు.
• ఈ విధానాన్ని ఎప్పుడు, ఎలా ఉపసంహరించాలో చెప్పగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

ఒక ప్రాథమిక పాఠశాలను ఊహించుకోండి. ఒకే గదిలో మూడు, నాలుగు తరగతులు కలిపి 28 మంది పిల్లలు ఉన్నారు. ఉపాధ్యాయురాలు నల్లబల్ల వైపు తిరిగి నాలుగో తరగతికి భాగహారం రాస్తున్నారు. వెనక వరసలో ఒకడు పక్కవాడి పలక లాగాడు. ఇంకొక అమ్మాయి లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. “టీచర్, వీడు నన్ను గిచ్చాడు” అని ఒక ఫిర్యాదు వచ్చింది. ఉపాధ్యాయురాలు ఇటు తిరిగి గట్టిగా కేకవేశారు. గది సద్దుమణిగింది. రెండు నిమిషాలు గడిచేసరికి మళ్ళీ అదే గోల.

ఇలాంటి సమయంలో మన బడులలో ఏం చేసేవారో మీకు అనుభవమే. బెత్తం, గోడకుర్చీ, గుంజీళ్ళు ఉండేవి. టీచరు బయటికి వెళితే క్లాసు లీడరు మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాసేవాడు; మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కులు పెట్టేవాడు. ఈ పద్ధతులన్నిటిలో ఒక పోలిక ఉంది. పిల్లలు తప్పు చేసినప్పుడే పెద్దల దృష్టి వారి మీద పడుతుంది. సరిగా ఉన్నప్పుడు వారిని ఎవరూ పట్టించుకోరు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం–2009, తన 17వ సెక్షన్‌లో బాలలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కాబట్టి కొట్టకపోతే చాలదు, నలుగురి ముందు అవమానించడం కూడా తగదు. చాలామంది ఉపాధ్యాయులు ఈ నిషేధాన్ని అంగీకరిస్తూనే ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు: “బెత్తం పక్కన పెట్టాం. మరి దాని స్థానంలో ఏముంది?”

దానికి ఒక సమాధానం ప్రోత్సాహక విధానం. మీరు ఉపాధ్యాయులైనా, అంగన్‌వాడీ కార్యకర్తలైనా, ఇంట్లో పిల్లలను చదివించే తల్లిదండ్రులైనా ఈ యూనిట్ మీకు పనికివస్తుంది. అయితే మొదటే ఒక మాట గుర్తుంచుకోండి. బహుమతి నడక నేర్పే తోపుడుబండి లాంటిది. బిడ్డ నిలదొక్కుకునేదాకా అది కావాలి. ఆ తరవాత దాన్ని తీసివేయాలి. ఎలా తీసివేయాలో ముందుగా ఆలోచించకుండా మొదలుపెట్టిన ఏ ప్రోత్సాహక విధానమూ పూర్తి విధానం కాదు.

7.2 పునర్బలనం – మూల భావనలు

7.2.1 ఫలితమే ప్రవర్తనను నిలుపుతుంది

అమెరికా మనోవిజ్ఞానవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను చిక్కుపెట్టెలలో ఉంచి ప్రయోగాలు చేసి, 1898లో ఫలితాలను ప్రచురించాడు. తలుపు తెరుచుకుని ఆహారం దొరికేలా చేసిన చర్యలను పిల్లి క్రమంగా త్వరత్వరగా చేయసాగింది. ప్రయోజనం లేని చర్యలు తగ్గిపోయాయి. తృప్తినిచ్చే ఫలితం పొందిన ప్రవర్తన బలపడుతుందనే ఈ సూత్రమే ఫలిత నియమం. బి.ఎఫ్. స్కిన్నర్ 1938లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆలోచనను కార్యసాధక నిబంధనంగా విస్తరించాడు.

ఒక ప్రవర్తన తరవాత వచ్చిన ఫలితం వల్ల ఆ ప్రవర్తన మళ్ళీ జరిగే అవకాశం పెరిగితే, ఆ ప్రక్రియను పునర్బలనం అంటారు. ఇందులో రెండు రకాలు ఉన్నాయి.

(అ) ధనాత్మక పునర్బలనం: ఇష్టమైనది లభించడం వల్ల ప్రవర్తన పెరగడం. ఉదాహరణ: చెయ్యెత్తి ఆగిన పిల్లవాడికి వెంటనే మాట్లాడే అవకాశం ఇచ్చారు. మరుసటి రోజు కూడా అతడు చెయ్యెత్తాడు.

(ఆ) రుణాత్మక పునర్బలనం: ఇష్టంలేనిది తొలగిపోవడం వల్ల ప్రవర్తన పెరగడం. ఉదాహరణ: లెక్కల పీరియడ్‌లో “కడుపునొప్పి” అన్న పిల్లవాడిని ఇంటికి పంపించారు. ఇక లెక్కల పీరియడ్ రాగానే కడుపునొప్పి రావడం మొదలైంది.

విద్యార్థులు తరచు రుణాత్మక పునర్బలనాన్ని శిక్షగా పొరబడతారు. పునర్బలనం ఏ రకమైనా ప్రవర్తనను పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది. శిక్షకు ఇంకొక పరిమితి ఉంది. ఏం చేయకూడదో అది చెబుతుంది కానీ, ఏం చేయాలో నేర్పదు.

7.2.2 మందలింపు కూడా బహుమతి కావచ్చు

ఒక ఫలితం పునర్బలనమా కాదా అన్నది ఇచ్చేవారి ఉద్దేశాన్ని బట్టి తేలదు, ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. రోజంతా తన పేరు ఎవరూ పలకని పిల్లవాడు పక్కవాడి పలక లాగగానే టీచరు పేరు పెట్టి పిలుస్తారు, తరగతి మొత్తం తిరిగి చూస్తుంది. మనం దాన్ని మందలింపు అనుకుంటాం. అతడికి అది గుర్తింపు. కేకలు పెరిగేకొద్దీ అల్లరి పెరిగే తరగతులలో తరచు జరుగుతున్నది ఇదే.

7.2.3 ప్రీమాక్ సూత్రం

“ఈ ముద్ద తింటే చందమామను చూపిస్తా” అని తల్లి చెప్పే మాటలో ఒక శాస్త్రీయ సూత్రం ఉంది. పిల్లలు తమంతట తాము ఎక్కువగా చేసే పనిని, తక్కువగా చేసే పనికి పునర్బలనంగా వాడవచ్చునని డేవిడ్ ప్రీమాక్ ప్రతిపాదించాడు. 1963లో హోమ్, అతని సహచరులు మూడేళ్ళ వయసు పిల్లలున్న ఒక నర్సరీ తరగతిలో దీన్ని పరీక్షించారు. కొద్దిసేపు నిశ్శబ్దంగా కూర్చుంటే, గంట మోగించి “పరుగెత్తండి, అరవండి” అని అనుమతించేవారు. ఏ అల్లరిని ఆపాలని మనం ప్రయత్నిస్తామో, ఆ అల్లరే అక్కడ బహుమతి అయింది. మంచి బహుమతికి డబ్బు అవసరం లేదని ఈ ఉదాహరణ చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: సమాధానాలను మీ నోట్‌బుక్‌లో రాసి, 7.9లో ఇచ్చిన వాటితో సరిచూసుకోండి.
1. రుణాత్మక పునర్బలనానికీ శిక్షకూ భేదం ఏమిటి?
2. మందలింపు ఏ పరిస్థితిలో పునర్బలనంగా పనిచేస్తుంది?

7.3 తరగతిగదిలో రెండు అధ్యయనాలు

7.3.1 నియమాలు, ఉపేక్ష, మెప్పు

1968లో మాడ్‌సెన్, బెకర్, థామస్ అనే పరిశోధకులు ప్రాథమిక స్థాయి తరగతులలో మూడు పద్ధతులను ఒకదాని తరవాత ఒకటి ప్రవేశపెట్టి చూశారు: నియమాలు చెప్పడం, తగని ప్రవర్తనను పట్టించుకోకపోవడం, తగిన ప్రవర్తనను మెచ్చుకోవడం. నియమాలు చెప్పినంత మాత్రాన ప్రవర్తనలో పెద్దగా మార్పు రాలేదు. పట్టించుకోకపోవడం ఒక్కటే నిలకడైన ఫలితం ఇవ్వలేదు. చిన్న తప్పులను ఉపేక్షిస్తూ, సరైన ప్రవర్తనను మెచ్చుకోవడం మొదలుపెట్టాకే తరగతి గాడిలో పడింది. గోడకు నియమాల పట్టిక అంటించి, పని అయిపోయిందనుకునే మనకు ఇది ముఖ్యమైన పాఠం.

7.3.2 సత్ప్రవర్తన ఆట

1969లో బ్యారిష్, సాండర్స్, వుల్ఫ్ అమెరికాలోని ఒక నాలుగో తరగతిలో ఒక ఆటను ప్రవేశపెట్టారు. ఆ తరగతిలో 24 మంది పిల్లలు ఉండేవారు. తరగతిని రెండు జట్లుగా చేశారు. ఎవరైనా అనుమతి లేకుండా లేచినా, మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత పడుతుంది. తక్కువ గీతలున్న జట్టు గెలుస్తుంది. రెండు జట్లూ నిర్ణీత సంఖ్యను మించకపోతే రెండూ గెలిచినట్లే. గెలిచినవారికి బ్యాడ్జి, పట్టికలో నక్షత్రం, రోజు చివర కొంత స్వేచ్ఛా సమయం వంటివి లభించేవి. అవన్నీ బడిలో ఉన్నవే.

లెక్కల పీరియడ్‌లో ఆటకు ముందు, గమనించిన కాలఖండాలలో సుమారు 96 శాతంలో అనుమతి లేని మాటలు నమోదయ్యాయి. ఆట మొదలయ్యాక అది 19 శాతానికి తగ్గింది. చోటు వదిలి లేవడం 82 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. అయితే పరిశోధకులు పరీక్ష కోసం ఆటను ఆపివేసినప్పుడు పాత ప్రవర్తన తిరిగి వచ్చింది. మార్పు తెచ్చింది ఆటేనని దీని వల్ల రుజువైంది. బహుమతిని ఒక్కసారిగా ఆపితే అలవాటు నిలవదని కూడా తేలింది.

ఈ ఆటను 1985 నుంచి బాల్టిమోర్ నగరంలోని పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లలతో ఆడించి, వారిని యౌవనం వరకు పరిశీలించారు. చిన్నప్పుడు దూకుడుగా ఉన్న మగపిల్లలకు దీని వల్ల ఎక్కువ మేలు జరిగినట్లు కనిపించింది.

ఈ ఆటను మన బడిలో వాడేటప్పుడు ఒక మార్పు అవసరం. ఒక పిల్లవాడి వల్ల జట్టంతా ఓడిపోతే, ఆట స్థలంలో ఆ కోపం అతడి మీద తీరుతుంది. కాబట్టి తప్పులకు గీతలు పెట్టడం కంటే సరైన పనులకు గుర్తులు ఇవ్వడం, జట్లు ఒకదానితో ఒకటి కాకుండా నిన్నటి తమ లెక్కతో పోటీపడేలా చూడడం మంచిది.

7.4 టోకెన్ల విధానం – రూపకల్పన

టోకెను అంటే తనకంటూ విలువ లేని గుర్తు. దాన్ని తరవాత ఇష్టమైన అవకాశంతో మార్చుకోవచ్చు. టియోడోరో ఐలన్, నాథన్ అజ్రిన్ అమెరికాలోని ఒక మానసిక వైద్యశాలలో ఈ విధానాన్ని అమలుచేసి, 1968లో గ్రంథంగా వివరించారు. తరవాత ఇది పాఠశాలలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. రూపకల్పనలో ఆరు సోపానాలు ఉంటాయి.

సోపానం 1 – ప్రవర్తనను ఎంచుకోవడం: “బుద్ధిగా ఉండాలి” అనేది నియమం కాదు, కోరిక. “మాట్లాడే ముందు చెయ్యెత్తాలి” అనేది నియమం. చేశారా లేదా అన్నది ఎవరైనా చూసి చెప్పగలరు. ఇలాంటివి మూడు చాలు. ‘చేయకూడదు’ అని కాకుండా ‘చేయాలి’ అని రాయండి.

సోపానం 2 – ప్రస్తుత స్థితిని లెక్కించడం: ఏమీ మార్చకముందు ఒక వారం పాటు, రోజూ ఒకే పీరియడ్‌లో, ఆ ప్రవర్తన ఎన్నిసార్లు జరిగిందో హాజరుపట్టీ పక్కన ఒక కాగితం మీద గీతలు గీయండి. ఈ లెక్క లేకపోతే మీ విధానం పనిచేసిందో లేదో మీకే తెలియదు.

సోపానం 3 – టోకెను ఎంపిక: చింతగింజలు, గవ్వలు, అట్టముక్కలు ఏవైనా సరే. అయితే చింతగింజ ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. మరునాడు కొందరి జేబులు నిండుగా రావచ్చు! అందుకే గింజలకు రంగు వేయండి, లేదా అవన్నీ మీ బల్ల మీది సీసాలోనే ఉండేలా చూడండి. ఇవే గింజలు లెక్కల పీరియడ్‌లో పదుల కట్టలకూ, కూడికలకూ పనికివస్తాయి.

సోపానం 4 – బహుమతుల జాబితా: ఏం కావాలో పిల్లలనే అడగండి. ఈ రోజు కథను ఎంచుకోవడం, బడిగంట కొట్టడం, ఉదయం ప్రార్థనా సమావేశంలో సూక్తి చదవడం, మొక్కలకు నీళ్ళు పోయడం, ఆటల పీరియడ్‌లో ఏ ఆటో నిర్ణయించడం, ఇష్టమైన స్నేహితుడి పక్కన కూర్చోవడం వంటివి ఖర్చు లేనివి. చాక్లెట్లు, పెన్నులు ఇస్తే టీచరు సొంత డబ్బు అయిపోయిన రోజున విధానమూ ఆగిపోతుంది.

సోపానం 5 – ఇచ్చే తీరు: ప్రవర్తన జరిగిన వెంటనే ఇవ్వండి. ఎందుకు ఇస్తున్నారో ఒక వాక్యంలో చెప్పండి: “నువ్వు చెయ్యెత్తి ఆగావు, అందుకు ఈ గింజ.” ఈ వాక్యమే ముఖ్యం. గింజ ఆగిపోయాక కూడా మాట మిగలాలి.

సోపానం 6 – తిరిగి తీసుకోకపోవడం: ఒకసారి ఇచ్చిన టోకెనును కోపంతో వెనక్కి లాక్కోవద్దు. పిల్లవాడు సంపాదించినది అతడిది. లాక్కోవడం మొదలైతే టోకెను మళ్ళీ బెత్తమే అవుతుంది.

బహుమతిగా వాడకూడనివి: మధ్యాహ్న భోజనం, గుడ్డు, తాగునీరు, మూత్రవిసర్జనకు వెళ్ళడం, ఆటల సమయం, పాఠ్యపుస్తకాలు పిల్లల హక్కులు. వాటిని ఆపి, మళ్ళీ బహుమతిగా ఇవ్వడం ప్రోత్సాహం కాదు. ‘బుద్ధిగా ఉన్నవారే భోజనానికి ముందు’ అనే పద్ధతి కూడా వద్దు. ఉదయం ఏమీ తినకుండా బడికి వచ్చిన పిల్లవాడికి వరసలో చివరి స్థానం శిక్షే అవుతుంది. అలాగే గది ఊడవడం, మరుగుదొడ్డి శుభ్రపరచడం వంటి పనులను ఓడినవారికి శిక్షగా అప్పగించకూడదు. శ్రమ నీచమైనదని, కొందరు పిల్లలు అందుకే పుట్టారని అది తరగతికి నేర్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. “క్రమశిక్షణతో మెలగాలి” అనే నియమాన్ని, గమనించి లెక్కించడానికి వీలయ్యే రెండు నియమాలుగా మార్చి రాయండి.
4. మధ్యాహ్న భోజనాన్ని బహుమతిగా ఎందుకు వాడకూడదు?

7.5 అమలు – ఒక ఉదాహరణ

7.1లో చూసిన తరగతికే తిరిగి వెళదాం. కింది సంఖ్యలు బోధన కోసం ఊహించినవి.

మొదటి వారం ఉపాధ్యాయురాలు కేవలం లెక్కించారు. అర్ధగంట పీరియడ్‌లో సగటున 22 సార్లు పిల్లలు అనుమతి లేకుండా మాట్లాడారు. రెండో వారం పిల్లలతో కలిసి మూడు నియమాలు రాశారు: మాట్లాడే ముందు చెయ్యెత్తాలి, ఇతరుల వస్తువు అడిగి తీసుకోవాలి, గంట మోగిన రెండు నిమిషాలలో పుస్తకం తీసి సిద్ధంగా ఉండాలి. ప్రతి పిల్లవాడి గింజ తరగతి సీసాలోనూ పడుతుంది. సీసా నిండితే శనివారం అందరికీ కథ, పాట. మూడో వారానికి మాటల సంఖ్య 9కి తగ్గింది.

ఇక్కడితో ఆగితే ఇది విజయగాథ. కానీ ఉపాధ్యాయురాలు ఇంకొక పని చేశారు. ఎవరికి ఎన్ని గింజలు వచ్చాయో పేర్ల వారీగా చూశారు. అందులో ముగ్గురికి మూడు వారాలలో కలిపి నాలుగు గింజలకు మించి రాలేదు. ఆమె వారిని విడివిడిగా గమనించారు.

మొదటి అమ్మాయి తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి బడికి వస్తుంది. రోజూ పది నిమిషాలు ఆలస్యం. ‘గంట మోగిన రెండు నిమిషాలలో’ అనే నియమాన్ని ఆమె ఎప్పటికీ పాటించలేదు. నియమాన్ని ‘గదిలోకి వచ్చిన రెండు నిమిషాలలో’ అని మార్చారు. మరుసటి రోజే ఆ అమ్మాయికి గింజ వచ్చింది.

రెండో పిల్లవాడు మాటిమాటికీ లేచి ముందుకు వచ్చేవాడు, పక్కవాడి పలకలోకి తొంగిచూసేవాడు. అతడికి బోర్డు సరిగా కనిపించడం లేదు. ముందు వరసలో కూర్చోబెట్టి, కంటి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పారు. ఇక్కడ అవసరమైనది కళ్ళజోడు, గింజ కాదు.

మూడో పిల్లవాడు నిజంగానే ఐదు నిమిషాలు కుదురుగా ఉండలేడు. అతడికి లక్ష్యాన్ని ముక్కలు చేశారు. మొదట రెండు నిమిషాలు కూర్చుంటే గింజ, వారం తరవాత మూడు నిమిషాలకు, ఆ తరవాత ఐదు నిమిషాలకు. చివరి లక్ష్యానికి దగ్గరయ్యే ప్రతి మెట్టునూ పునర్బలనం చేసే ఈ పద్ధతిని ఆకృతీకరణ అంటారు.

ఈ ఉదాహరణలోని సారం ఇది: ఎవరికి బహుమతి వచ్చిందన్న దానికన్నా ఎవరికి రాలేదన్నదే మీకు ఎక్కువ చెబుతుంది. నక్షత్రాల పట్టికలో ఒకే వరస ఎప్పుడూ ఖాళీగా ఉంటే, ఆ పిల్లవాడు ఓడిపోలేదు, మీ విధానం అతడిని చేరలేదు. అలాంటి పట్టికను గోడకు తగిలించడం కంటే మీ పుస్తకంలో దాచుకోవడం మేలు. గోడ మీది ఖాళీ వరస రోజూ అందరి ముందూ అతడిని మందలిస్తూనే ఉంటుంది.

7.6 బహుమతి హాని చేసే సందర్భాలు

7.6.1 ఇష్టంగా చేసే పనికి బహుమతి

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ పాఠశాలలో, బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లలను మూడు సమూహాలుగా చేశారు. మొదటి సమూహానికి గీస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో సమూహానికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో సమూహానికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరవాత స్వేచ్ఛా సమయంలో చూస్తే, మొదటి సమూహం పిల్లలు మిగిలినవారు గీసిన సమయంలో దాదాపు సగం సేపే బొమ్మలు గీశారు. ఆటగా చేసిన పని కూలికి చేసే పనిగా మారింది. దీన్ని అతిసమర్థన ప్రభావం అంటారు.

ఈ విషయంలో పండితులందరూ ఏకాభిప్రాయంతో లేరు. 1994లో కామెరాన్, పియర్స్ అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి, బహుమతుల వల్ల మొత్తం మీద అంతర్గత ప్రేరణ తగ్గదన్నారు. 1999లో డెసి, కోస్ట్‌నర్, ర్యాన్ 128 అధ్యయనాలను సమీక్షించి, ఆసక్తికరమైన పనులకు ముందే చెప్పి ఇచ్చే వస్తురూప బహుమతులు అంతర్గత ప్రేరణను తగ్గిస్తాయనీ, ఆ హాని చిన్నపిల్లలలో మరింత ఎక్కువనీ తేల్చారు. అయితే మొదటి నుంచీ ఆసక్తి లేని పనులకు ఇచ్చే బహుమతుల వల్ల ఇలాంటి హాని కనిపించలేదు.

తరగతి ఉపాధ్యాయునికి దీని నుంచి వచ్చే సూచన సులభమైనది. చెయ్యెత్తడం, వరసలో నిలబడడం వంటి అలవాట్లకు గింజలు ఇవ్వండి. కథ చదవడానికీ, బొమ్మ గీయడానికీ, ప్రశ్న అడగడానికీ ఇవ్వకండి. వాటిలోని ఆనందమే వాటి బహుమతి.

7.6.2 తెలివిని పొగడడం

1998లో ముల్లర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనాలలో, “నువ్వు తెలివైనవాడివి” అనే అర్థంలో మెప్పు పొందినవారు కఠినమైన సమస్యలలో విఫలమైన తరవాత పట్టుదల కోల్పోయారు. శ్రమను మెచ్చుకున్న పిల్లలు ప్రయత్నం కొనసాగించారు. కాబట్టి మెప్పు వ్యక్తిని కాకుండా చేసిన పనిని పేర్కొనాలి. “వెరీగుడ్” అని అందరికీ పంచే మాట కంటే, “మొదటి లెక్క తప్పినా చెరిపి మళ్ళీ చేశావు” అనే మాట విలువైనది.

7.6.3 అవసరం లేని చోట

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో బాలల నిలయం ప్రారంభించింది. పనిలో మునిగిన ఒక పిల్లవాడికి బహుమతిగా పెట్టిన పతకం జారిపడితే, అతడు దాన్ని పట్టించుకోకుండా తన పని చేసుకుపోయాడనీ, శిక్షగా ఖాళీగా కూర్చోబెట్టిన వాడే దాన్ని కోరుకున్నాడనీ ఆమె తన గ్రంథంలో వివరించింది. తగిన పని దొరికిన చేతులకు పతకంతో పని లేదు. మీ తరగతిలో గోల ఎక్కువైనప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘ఏ బహుమతి ఇవ్వాలి’ అని కాదు; ‘మూడో తరగతికి నేను చెబుతున్నప్పుడు నాలుగో తరగతి చేతుల్లో ఏ పని ఉంది’ అని.

7.7 విధానాన్ని క్రమంగా ఉపసంహరించడం

సత్ప్రవర్తన ఆటను ఒక్కసారిగా ఆపినప్పుడు ఏం జరిగిందో చూశారు. అందుకే ఉపసంహరణ మెట్లుమెట్లుగా సాగాలి.

మొదటి దశలో సరైన ప్రవర్తన కనిపించిన ప్రతిసారీ టోకెను ఇస్తాం. దీన్ని నిరంతర పునర్బలనం అంటారు. కొత్త అలవాటు నేర్పడానికి ఇది అవసరం. రెండో దశలో మూడు నాలుగు సార్లకు ఒకసారి, ఎప్పుడు వస్తుందో ముందే తెలియకుండా ఇస్తాం. ఇలా అప్పుడప్పుడు పునర్బలనం పొందిన ప్రవర్తన, ప్రతిసారీ పొందిన దానికంటే ఎక్కువకాలం నిలుస్తుందని స్కిన్నర్ పరిశోధనలు చూపాయి. మూడో దశలో గింజ మానేసి మాట మాత్రమే మిగులుస్తాం. నాలుగో దశలో లెక్కను పిల్లలకే అప్పగిస్తాం. సాయంత్రం “ఈ రోజు నేను ఎన్నిసార్లు చెయ్యెత్తాను?” అని ఎవరికి వారు తమ నోటుపుస్తకంలో రాసుకుంటారు. అప్పటికి నియమం టీచరుది కాదు, తమది.

ఒక దశ నుంచి తరవాతి దశకు వెళ్ళాక పాత ప్రవర్తన తిరిగి వస్తే కంగారుపడవద్దు. ఒక మెట్టు వెనక్కి వెళ్ళి, వారం ఆగి, మళ్ళీ ప్రయత్నించండి.

7.8 సారాంశం

ఫలితం ప్రవర్తనను బలపరుస్తుంది. టీచరు దృష్టి కూడా ఒక ఫలితమే. నియమాలు మాత్రమే చాలవు, సరైన ప్రవర్తనను గుర్తించి మెచ్చుకోవాలి. టోకెన్ల విధానానికి స్పష్టమైన నియమాలు, ముందస్తు లెక్క, ఖర్చు లేని బహుమతులు, వెంటనే ఇవ్వడం అవసరం. భోజనం, నీరు, ఆట వంటి హక్కులను బహుమతులుగా మార్చకూడదు. టోకెన్లు అందని పిల్లలను ప్రత్యేకంగా గమనించాలి. కారణం తరచు విధానంలోనో, పిల్లవాడి పరిస్థితిలోనో ఉంటుంది. ఇష్టంగా చేసే పనులకు బహుమతులు ఇస్తే ఆసక్తి తగ్గవచ్చు. చివరగా, విధానాన్ని దశలవారీగా ఉపసంహరించి, ప్రవర్తనను పిల్లల సొంత అలవాటుగా మిగల్చాలి.

7.9 ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ – సమాధానాలు

1. రుణాత్మక పునర్బలనం ఇష్టంలేనిదాన్ని తొలగించి ప్రవర్తనను పెంచుతుంది. శిక్ష ప్రవర్తనను తగ్గిస్తుంది.
2. మరే విధంగానూ టీచరు దృష్టి లభించని పిల్లవాడికి మందలింపు గుర్తింపుగా మారి, అల్లరి పెరిగినప్పుడు అది పునర్బలనం.
3. ఉదాహరణకు: మాట్లాడే ముందు చెయ్యెత్తాలి; పని పూర్తయ్యాక పుస్తకాన్ని దాని స్థానంలో పెట్టాలి.
4. అది పిల్లల హక్కు. దాన్ని షరతుగా మారిస్తే ఆకలితో ఉన్నవారికి శిక్ష అవుతుంది.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రాథమిక తరగతికి టోకెన్ల విధానాన్ని రూపొందించే సోపానాలను వివరించండి.
2. బహుమతులు అంతర్గత ప్రేరణను తగ్గిస్తాయనే వాదాన్ని పరిశోధనల ఆధారంగా చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సత్ప్రవర్తన ఆటను వివరించి, మన పాఠశాలలలో అమలుకు అవసరమైన మార్పులను సూచించండి.
2. ప్రోత్సాహక విధానాన్ని ఉపసంహరించే దశలను తెలపండి.

ఇ) కృత్యం
మీకు దగ్గరలోని ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక పీరియడ్‌ను గమనించండి. టీచరు ఎన్నిసార్లు మెచ్చుకున్నారు, ఎన్నిసార్లు మందలించారు, ఎంతమంది పిల్లల పేర్లు ఒక్కసారి కూడా పలకలేదు అన్నవి నమోదు చేసి, ఒక పుట నివేదిక రాయండి. అందులో పిల్లల పేర్లు గానీ టీచరు పేరు గానీ రాయవద్దు.

7.11 కీలక పదాలు

పునర్బలనం: ఒక ఫలితం వల్ల ప్రవర్తన మళ్ళీ జరిగే అవకాశం పెరగడం.
టోకెను: తరవాత ఇష్టమైన అవకాశంతో మార్చుకోదగిన గుర్తు.
ఆకృతీకరణ: లక్ష్యానికి దగ్గరయ్యే ఒక్కొక్క మెట్టును పునర్బలనం చేస్తూ కొత్త ప్రవర్తనను నేర్పడం.
అంతర్గత ప్రేరణ: పనిలోని ఆనందం కోసమే ఆ పని చేయాలనిపించడం.
అతిసమర్థన ప్రభావం: ఇష్టంగా చేసే పనికి బహుమతి చేరడం వల్ల ఆ పనిపై సహజ ఆసక్తి తగ్గడం.